ఆల్బర్టో అస్కారి

మన తెలుగువారిలో ఇంటిపేరు ముందు వచ్చును, పెట్టిన పేరు తరువాత వచ్చును. ఇటలీ దేశమున అట్లు కాదు. అచట తల్లిదండ్రులు పెట్టిన పేరు ముందును, వంశనామము వెనుకను ఉండును. ముందున్నను వెనుకనున్నను అది చేయు పని ఒక్కటియే. మనము పుట్టకమునుపే అది మనకొరకు సిద్ధముగా ఉండును. పెద్దలు సంపాదించిన కీర్తియో అపకీర్తియో దానితోడనే మనకు సంక్రమించును. 1918వ సంవత్సరము జూలై 13వ తేదీన ఇటలీలోని మిలాన్ నగరమున జన్మించిన ఒక బాలునకు అట్లు సంక్రమించిన పేరు అస్కారి. అతనికి తల్లిదండ్రులు ఆల్బర్టో అని పేరు పెట్టిరి. కాని అతడు పిల్లవాడుగా ఉండగనే అతని ఇంటిపేరు దేశమంతట మారుమ్రోగుచుండెను.

ఆ పేరును మారుమ్రోగించినవాడు అతని తండ్రి ఆంటోనియో అస్కారి. ఆంటోనియో 1888 సెప్టెంబరు 15వ తేదీన ఉత్తర ఇటలీలో వెరోనా ప్రాంతమున ఒక ధాన్యపు వర్తకుని ఇంట పుట్టెను. పొలములు, బండ్లు, ధాన్యపు బస్తాలు తండ్రి లోకము కాగా, కుమారునకు యంత్రములపై మక్కువ కలిగెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1919లో అతడు మోటారు పందెములలో దిగెను. ఆ ఏడే సిసిలీ ద్వీపములో జరిగిన టార్గా ఫ్లోరియో పందెములో అతని కారు కొండదారి తప్పి లోయలో పడెను. అంతటితో అతడు ఆ పని మానుకొనలేదు. మిలాన్‌లో ఆల్ఫా రోమియో కార్ల విక్రయశాల నడుపుచు, అదే కంపెనీ పక్షమున పందెములలో పాల్గొనుచు వచ్చెను. ఆ కంపెనీ చోదకులలో అతనికి మిక్కిలి ఆప్తుడైనవాడు ఎంజో ఫెరారి అను యువకుడు. ఈ పేరును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ కాలపు మోటారు పందెములు ఎట్టివో కొంచెము తెలిసికొనుట అవసరము. చోదకుని సీటునకు కట్టిపట్టు పట్టీలు లేవు. తలకు గుడ్డ టోపీ, కన్నులకు అద్దములు, ఇంతే రక్షణ. కారు బోల్తా కొట్టినచో చోదకుడు దానిక్రింద నలిగిపోవుటయో, విసిరివేయబడుటయో జరుగుచుండెను. బాటల అంచున గోడలకు బదులు కొయ్య కంచెలు, చెట్లు, గుంటలు ఉండెడివి. ఒక్కొక్క పందెము ఐదారు గంటలు, కొన్నిచోట్ల అంతకు మించియు సాగెడిది. అట్టి పందెములకు బలమైన కారును తయారుచేయుటకై ఆల్ఫా రోమియో కంపెనీవారు 1923లో విట్టోరియో యానో అను ఇంజనీరును రప్పించిరి. అతడు రూపొందించిన పీ-2 అను కారు 1924లో బయటకు వచ్చెను. దానిని మొదట క్రెమోనాలో పందెమునందు నడిపి గెలిచినవాడు ఆంటోనియోయే. ఆ సంవత్సరముననే మోంజాలో ఇటలీ గ్రాండ్ ప్రి పందెమును కూడ అతడు గెలిచెను. అంతకుముందు టార్గా ఫ్లోరియోలో గమ్యము కనుచూపుమేరలో ఉండగా ఇంజను బిగుసుకొనిపోయి గెలుపు చేజారిన దుఃఖము దానితో తీరెను.

1925 జూన్‌లో బెల్జియం దేశములోని స్పాలో జరిగిన పందెములో ఆంటోనియోకు పోటీయే లేకపోయెను. ప్రత్యర్థుల కార్లన్నియు చెడిపోయినవి. వినోదము తగ్గెనని ప్రేక్షకులు ఈలలువేయ మొదలిడగా, యానో తన చోదకులను నిలిపి వారికి అక్కడనే భోజనము వడ్డింపజేసెనని చెప్పుకొందురు. తరువాత నెల ఫ్రాన్సులో పారిస్ సమీపమున మోన్లెరీ బాటమీద 1000 కిలోమీటర్ల పందెము జరిగెను. ఆనాడు జూలై 26వ తేదీ. ఆంటోనియో అందరికంటె ముందుండెను. వేగము తగ్గింపవలసిన అగత్యము అతనికి లేదు. అయినను తగ్గింపలేదు. ఒక ఎడమ మలుపున కారు అంచుననున్న కొయ్య కంచెకు తగిలి తలక్రిందులయ్యెను. ఆసుపత్రికి చేర్చులోపలనే అతడు ప్రాణము విడిచెను. ఆల్ఫా రోమియోవారు తమ తక్కిన కార్లను పందెమునుండి వెనుకకు తీసికొనిరి. గెలిచిన ఫ్రెంచి చోదకుడు తనకిచ్చిన పూలను ఆంటోనియో పడిన చోట ఉంచెను.

అప్పటికి ఆల్బర్టోకు ఏడేండ్లు నిండి కొన్ని దినములైనవి.

తండ్రిని మ్రింగిన వృత్తియందు కుమారుడు అడుగిడకూడదని ఏ తల్లియైనను కోరును. ఆల్బర్టో తల్లియు అట్లే కోరెను. అతనిని చదువులో పెట్టెను, దూరపు పాఠశాలకు పంపెను. కాని అతని మనస్సు పుస్తకములపై నిలువలేదు. పాఠశాలనుండి రెండుసార్లు పారిపోయి వచ్చెనని అతని జీవితమును వ్రాసినవారు చెప్పిరి. మిలాన్ వీధులలో ఎక్కడ మోటారుసైకిలు కనిపించినను అక్కడ నిలిచిపోయెడివాడు. చివరకు పెద్దలకు అతనిని ఆపుట వశము కాలేదు. పందొమ్మిదవ యేట బియాంకీ కంపెనీ పక్షమున మోటారుసైకిలు పందెములలో పాల్గొనుచు గెలుపులు సంపాదింప సాగెను. కారు పందెములకు ఇంకను ఆహ్వానము రాలేదు.

ఆ ఆహ్వానము ఇంటిపేరు చేతనే వచ్చెను. ఎంజో ఫెరారి 1939లో ఆల్ఫా రోమియో కంపెనీనుండి విడిపోయి మోడెనా పట్టణములో సొంత కర్మాగారము పెట్టుకొనెను. నాలుగేండ్లపాటు పందెములలో తన పేరు వాడరాదని పాత యజమానులతో ఒడంబడిక ఉండుటచేత, అతడు నిర్మించిన మొదటి కారునకు ఫెరారి అను పేరు లేదు. దానిని 815 అని పిలిచిరి. ఎనిమిది సిలిండర్లు, ఒకటిన్నర లీటర్ల ఇంజను అని ఆ అంకెల అర్థము. అట్టివి రెండే తయారైనవి. 1940 ఏప్రిల్ 28వ తేదీన బ్రెషియా వద్ద జరిగిన పందెములో వానిలో ఒకదానిని నడుపుటకు ఫెరారి తన చనిపోయిన మిత్రుని కుమారునకు ఇచ్చెను. ఆల్బర్టో తన తరగతిలో అందరికంటె ముందు సాగెను. కాని కొంతసేపటికే ఇంజను చెడిపోయెను. తండ్రి స్నేహితుడు కాకపోయినచో 21 ఏండ్ల కుఱ్ఱవానికి ఆ కారు దక్కెడిదా అను ప్రశ్న అప్పుడే కొందరికి కలిగియుండును. అట్టి ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పుట అసాధ్యము.

జవాబు చెప్పుటకు కాలము కూడ అనుకూలింపలేదు. రెండు నెలలు తిరుగకుండ ఇటలీ యుద్ధములో దిగెను. పందెములు ఆగిపోయినవి. ఆల్బర్టో వివాహము చేసికొనెను. కుమారుడు పుట్టగా తాతపేరే ఆంటోనియో అని పెట్టెను. కుటుంబ పోషణకై, తనకంటె తొమ్మిదేండ్లు పెద్దవాడైన లుయిజీ విల్లొరేసి అను చోదకునితో కలిసి లారీల వ్యాపారము చేసెను. ఉత్తర ఆఫ్రికాలోని ఇటలీ సైన్యములకు బండ్లును ఇంధనమును చేరవేయుట వారి పని. ఒకసారి ట్రిపోలీ రేవులో వారెక్కిన ఓడ ఒరిగి మునిగిపోగా ఇద్దరును బ్రదికి బయటపడిరి.

యుద్ధానంతరము ఆల్బర్టో పందెములను విడిచిపెట్టుటకే నిశ్చయించుకొనెను. భార్య ఉన్నది, బిడ్డలున్నారు, వ్యాపారమున్నది. అతనిని మరల కారెక్కించినవాడు విల్లొరేసి. 1947లో ఈజిప్టు రాజధాని కైరోలో జరిగిన పందెములో ఆల్బర్టో రెండవవాడుగా వచ్చెను. 1948లో మాసెరాటి కారు నడుపుచు సాన్ రేమో పందెము గెలిచెను. 1949లో గురుశిష్యులవంటి ఆ మిత్రులిద్దరు కలిసి ఫెరారి పక్షమున చేరిరి. ఇప్పుడు ఫెరారి కార్లు ఫెరారి పేరుతోనే వచ్చుచుండెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో మోంజాలో ఇటలీ గ్రాండ్ ప్రి జరిగెను. అదే మోంజాలో 1924లో ఆంటోనియో గెలిచియుండెను. సరిగా 25 సంవత్సరముల తరువాత ఆ పందెమును గెలిచినవారి పట్టికలో మరల అస్కారి అను పేరు ఎక్కెను. తండ్రి పేరుకు ముందు ఆ అను అక్షరమే, కుమారుని పేరుకు ముందును ఆ అను అక్షరమే. పట్టికలో ఆ. అస్కారి అని మాత్రమే వ్రాసినచో ఇద్దరిలో ఎవరో తెలియదు.

రూపమున ఆల్బర్టో పందెగానివలె ఉండెడివాడు కాడు. బొద్దుగా, గుండ్రని ముఖముతో, నెమ్మదియైన మాటతో ఏ అంగడి యజమానివలెనో కనిపించెడివాడు. మిత్రులు అతనిని చిచ్చో అని పిలిచెడివారు. ఇటాలియను భాషలో ఆ మాటకు బొద్దుగా ఉన్నవాడు అని అర్థము. కారు నడుపుటలో తొందరపాటు గాని, ఆర్భాటము గాని లేదు. ప్రతి మలుపును కొలిచినట్లు అదే గీతమీద, అదే వేగముతో, చుట్టు వెంట చుట్టు దాటెడివాడు. ఎంజో ఫెరారి అతనిని గూర్చి పిమ్మట తన స్మృతులలో ఒక సంగతి వ్రాసెను. మొదటినుండి ముందున్నచో ఆల్బర్టోను దాటుట ఎవరి తరము కాదనియు, వెనుకబడి తరుమవలసి వచ్చినప్పుడు మాత్రము అతనికి అంత ధీమా ఉండెడిది కాదనియు దాని సారాంశము. స్నేహితుడైనను ఫెరారి చోదకులను తక్కెడలో తూచినట్లు తూచెడి మనిషి. కనుక ఈ మాట నమ్మదగినదే.

1950లో ప్రపంచ చోదకుల పోటీ మొదటిసారిగా ఏర్పడెను. సంవత్సరము పొడవున వేర్వేరు దేశములలో జరుగు పందెములలో సంపాదించిన మార్కులను కూడి, మిక్కిలి ఎక్కువ మార్కులు వచ్చినవానిని ప్రపంచ విజేతగా నిర్ణయింతురు. 1951లో ఆల్బర్టో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్‌లోను, మోంజాలోను గెలిచి, అర్జెంటీనా దేశస్థుడగు ఫాంజియోకు గట్టి పోటీ అయ్యెను. తేలవలసినది స్పెయిన్‌లోని చివరి పందెములో. ఆనాడు ఫెరారి పక్షమువారు తమ కార్లకు చిన్న చక్రములు వేసిరి. ఆ వేగమునకు, ఆ బరువునకు టైర్ల పైపొరలు ఊడిపోవుచుండెను. టైర్లు మార్చుకొనుటకు మాటిమాటికి ఆగుచు ఆల్బర్టో నాలుగవవాడుగా వచ్చెను. ఫాంజియో ప్రపంచ విజేత అయ్యెను. ఒక్క అంగుళము, రెండంగుళముల తేడా ఒక సంవత్సరపు కష్టమును తినివేసెను.

ఆ సంవత్సరముననే మరియొక దుర్ఘటన జరిగెను. ఇటలీలో మిల్లె మిలియా అను పందెము ఉండెడిది. అది ప్రత్యేకమైన బాటమీద కాక, బ్రెషియానుండి రోముకు పోయి తిరిగి బ్రెషియాకు వచ్చు మామూలు రోడ్లమీద, సుమారు 1600 కిలోమీటర్లు జరిగెడిది. తెల్లవారకముందు చీకటిలో పోవుచుండగా ఆల్బర్టో కారు రోడ్డు తప్పి ప్రేక్షకులలోనికి దూసుకొనిపోయెను. ఒకరు మరణించిరి. న్యాయస్థానములో విచారణ జరిగి అతడు నిర్దోషియని తేలుటకు ఏండ్లు పట్టెను. ఇక ఆ పందెములో పాల్గొననని అతడు నిశ్చయించుకొనెను.

తరువాతి రెండు సంవత్సరములు అతనివే. 1952లో ప్రపంచ పోటీని రెండు లీటర్ల ఇంజను గల చిన్న కార్లకు మార్చిరి. అందుకొరకు ఫెరారి ఇంజనీరు అవురేలియో లాంప్రెడి నాలుగు సిలిండర్ల ఇంజనుతో తేలికయైన కారును తయారుచేసెను. దాని పేరు ఫెరారి 500. ఆల్బర్టో చేతిపద్ధతికి అది అద్దినట్లు సరిపోయెను. మొదటి పందెము స్విట్జర్లండులో జరుగు సమయమున అతడు అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమునకు పోయియుండెను. అక్కడ చక్రము విరిగి నలుబదవ చుట్టులోనే ఆగిపోయెను. ఐరోపాకు తిరిగి వచ్చిన పిదప బెల్జియం, ఫ్రాన్సు, బ్రిటను, జర్మనీ, హాలండు, ఇటలీ ఈ ఆరు పందెములను వరుసగా గెలిచెను. ఒక్కటియు విడువలేదు. 1953 జనవరిలో అర్జెంటీనాలోను, పిమ్మట హాలండులోను, బెల్జియంలోను గెలిచెను. నడుమ జరిగిన ఇండియానాపొలిస్ పందెములో అతడు లేడు. దానిని విడిచి లెక్కించినచో వరుసగా 9 పందెములు. ఆ వరుసను 2013లో జర్మనీ చోదకుడు సెబాస్టియన్ వెట్టెల్ అందుకొనెను. 2023లో హాలండు చోదకుడు మాక్స్ వెర్‌స్టాపెన్ 10 గెలిచి దాటెను. ఆ పదవ గెలుపు మోంజాలోనే జరుగుట విశేషము. ఎట్లు చూచినను 60 సంవత్సరములపాటు ఆ సంఖ్యను అందుకొన్నవారు లేరు.

కారు మంచిది కనుక గెలిచెనని అనువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. అటువంటి కార్లే మరి ఇద్దరు ముగ్గురు చోదకుల చేతిలో కూడ ఉండెనను సంగతి వారు మరతురు. 1953 ఆగస్టులో న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో ముందు సాగుచుండగా అతని కారు ముందు చక్రము ఊడిపోయెను. మిగిలిన మూడు చక్రములమీదనే కారును అదుపు తప్పనీయక మరమ్మతు స్థలమునకు చేర్చెను. ఆ నెలలోనే స్విట్జర్లండు పందెములో ఇంజను తడబడి ఆగవలసి వచ్చి నాలుగవ స్థానమునకు దిగిపోయెను. అక్కడనుండి ఒక్కొక్కరిని దాటి గెలిచెను. వెనుకబడి తరుముట అతనికి రాదన్న మాట ఆనాడు నిలువలేదు. ఆ గెలుపుతో వరుసగా రెండవసారి ప్రపంచ విజేత అయ్యెను. రెండుసార్లు ఆ గౌరవము పొందిన మొదటి మనిషి అతడే. మోంజాలో జరిగిన చివరి పందెములో మాత్రము చిట్టచివరి మలుపున కారు తిరిగిపోగా గెలుపు ఫాంజియోకు దక్కెను.

ఇంత పేరు వచ్చిన పిదప ఇంటిపేరు బరువు తగ్గవలెను గదా. అది తగ్గినట్లు తోచదు. ఆల్బర్టోకు నమ్మకములు హెచ్చు. నల్లపిల్లి ఎదురైనచో దారి మార్చుకొనెడివాడు. లేత నీలిరంగు శిరస్త్రాణము లేనిదే కారెక్కెడివాడు కాడు. దానిని, చేతితొడుగులను, కంటి అద్దములను పెట్టుకొను సంచిని ఇతరులు తాకుటకు ఒప్పుకొనెడివాడు కాడు. మన ఊళ్లలో తుమ్మినచో ఆగువారిని చూచి నవ్వుకొనువారు కలరు. ప్రపంచ విజేతయు ఆ కోవలోనివాడే. అయితే అతని భయము వట్టి పిచ్చి కాదు. ఏడేండ్ల వయస్సున తండ్రిలేని ఇల్లెట్లుండునో చూచినవాడు. తన బిడ్డలయెడ అతడు కఠినముగా ఉండెడివాడు. ఫెరారి ఒకసారి కారణమడుగగా, బిడ్డలు తనను మితిమీరి ప్రేమింపకుండుటయే మేలనియు, ఒకనాడు తాను తిరిగి రానిచో వారికి దుఃఖము తక్కువగా ఉండుననియు తెలిపెనట. ఇది సరియైన ఆలోచనయో కాదో చెప్పుట కష్టము. తండ్రి ఆదరించినందున తాను పొందిన దుఃఖమెంతటిదో ఆ మాటవలన కొంత తెలియుచున్నది.

1954 జనవరిలో ఆల్బర్టో ఫెరారిని విడిచి టురిన్ నగరమునందలి లాంచియా కంపెనీలో చేరెను. అక్కడ కొత్త పందెపు కారును రూపొందించుచుండిన వృద్ధ ఇంజనీరు ఎవరో కాదు, విట్టోరియో యానోయే. తండ్రిని గెలిపించినదియు, తండ్రి తుదిసారి నడిపినదియు ఆయన కారే. ఇప్పుడు కుమారుని కొరకు డీ-50 అను కారును సిద్ధము చేయుచుండెను. కాని అది నెలల తరబడి పూర్తి కాలేదు. ప్రపంచ విజేత కారు లేక ఎదురుచూడవలసి వచ్చెను. ఈలోగా విల్లొరేసి గాయపడుటచేత, కంపెనీవారి కోరికపై ఆల్బర్టో తన నిశ్చయమును సడలించి మిల్లె మిలియాలో దిగెను. ప్రక్కన ఎవరును లేక ఒంటరిగా పదకొండు గంటలకు పైగా నడిపి ఆ పందెమును గెలిచెను. డీ-50 అక్టోబరులో స్పెయిన్ పందెమునాటికి గాని రాలేదు. వచ్చిననాడే అందరికంటె వేగముగా పోయెను. కొన్ని చుట్లు ముందుండి క్లచ్చి చెడి ఆగిపోయెను.

1955 వసంతమున ఆ కారుతో టురిన్‌లోను నేపుల్సులోను గెలిచి, ఆల్బర్టో మే 22వ తేదీన మొనాకో పందెమునకు వచ్చెను. మొనాకో సముద్రపు ఒడ్డున కొండకు అంటుకొనియున్న చిన్న సంస్థానము. అచట నగర వీధులే పందెపు బాట. సొరంగములోనుండి వెలుగులోనికి వచ్చి రేవు ప్రక్కగా వంకరలు తిరిగి పోవలెను. నూరు చుట్ల పందెములో 80 చుట్లు దాటిన తరువాత ముందున్న స్టిర్లింగ్ మాస్ కారు పొగలు క్రక్కుచు ఆగెను. ఇక మొదటి స్థానము ఆల్బర్టోదే. ఆ క్షణముననే, రేవు ప్రక్కనున్న వంకరలో అతని కారు అదుపు తప్పి, అడ్డముగా పెట్టిన గడ్డిమోపులను ఇసుక బస్తాలను చీల్చుకొని సముద్రములో పడెను. ఆవిరి పైకి లేచెను. కొన్ని క్షణములకు నీటిపై నీలి శిరస్త్రాణము తేలెను. ఈదుచున్న అతనిని పడవవారు పైకి లాగిరి. ముక్కు ఎముక చిట్లుట, కొన్ని దెబ్బలు తప్ప వేరు హాని లేదు. ట్రిపోలీ తరువాత నీరు అతనిని విడిచిపెట్టుట ఇది రెండవసారి.

అతడు మిలాన్‌కు వచ్చి విశ్రాంతి తీసికొనుచుండెను. నాలుగు దినములు గడచినవి. మే 26వ తేదీ గురువారమునాడు మోంజాలో యువ చోదకుడు కాస్టెల్లొట్టి ఒక ఫెరారి కారును పరీక్షించుచుండెను. కొద్ది దినములలో జరుగనున్న దూరపు పందెములో వారిద్దరు దానిని పంచుకొని నడుపవలసియుండెను. ఆల్బర్టో చూచుటకు మాత్రమే పోయెను. కోటు, టై ధరించి ఉండెను. మధ్యాహ్నమున ఇంటికి మరలునప్పుడు, తానును కొన్ని చుట్లు నడిపి చూచెదనని అడిగెను. ప్రమాదము జరిగిన పిదప ఆలస్యము చేయక మరల కారెక్కవలెననియు, లేనిచో భయము స్థిరపడుననియు చోదకులలో ఒక నమ్మకము కలదు. నీలి శిరస్త్రాణము అతనియొద్ద లేదు. మొనాకోలో దాని పట్టీ చెడుటచే బాగుచేయుటకు ఇచ్చియుండిరి. ఇన్నేండ్లు ఏ మనిషిని తాకనీయని వస్తువు అది. ఆనాడు అతడు కాస్టెల్లొట్టి తెల్ల శిరస్త్రాణమును ఎరువు పుచ్చుకొని కారెక్కెను.

రెండు చుట్లు క్షేమముగా ముగిసినవి. మూడవ చుట్టులో, వియలోనె అను ఎడమ మలుపు వద్ద కారు జారి పల్టీలు కొట్టెను. అతడు బాటమీద విసిరివేయబడెను. మిత్రులు పరుగెత్తివచ్చిన కొద్దిసేపటికే ప్రాణము పోయెను. ఎందుకు జరిగెనో ఎవరును చూడలేదు. టైర్లు ఆ కారునకు తగినవి కావని కొందరు, గాలికి టై ముఖముపై పడియుండునని కొందరు, బాట దాటుచున్న మనిషిని తప్పింపబోయెనని కొందరు చెప్పిరి. ఏదియు నిర్ణయము కాలేదు.

లెక్కలు చూచినవారు ఆశ్చర్యపడిరి. తండ్రి మరణించినది 26వ తేదీన, కుమారుడు మరణించినదియు 26వ తేదీననే. మరణించునాటికి తండ్రి వయస్సు 36 ఏండ్ల 10 నెలల 11 దినములు. కుమారుని వయస్సు 36 ఏండ్ల 10 నెలల 13 దినములు. ఇట్టివి కాకతాళీయములే. కాని ఏడేండ్ల బాలుడు ఒకడు మరల తండ్రిలేనివాడగుట, పదమూడేండ్లవాడుగా కొంచెము మారి, మరల జరిగెను. ఆంటోనియో అస్కారి అను పేరు గల ఆల్బర్టో కుమారుడు అప్పటికి పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమువాడు.

మిలాన్ నగరము అతని అంత్యయాత్రకు వీధులన్నియు నిండునట్లు కదలి వచ్చెను. అతనిని తండ్రి సమాధి ప్రక్కనే ఉంచిరి. 32 ప్రపంచ పందెములలో పాల్గొని 13 గెలిచినవాడు. అతని తరువాత 2025 వరకు ఇటలీ దేశస్థుడెవ్వడును ప్రపంచ విజేత కాలేదు. మోంజాలో అతడు పడిన మలుపునకు వియలోనె అను పాతపేరు పోయి అస్కారి అను పేరు వచ్చెను.

జూన్ నెలలో బెల్జియం పందెమునకు కాస్టెల్లొట్టి ఒంటరిగా ఒక డీ-50 కారును తీసికొనిపోయి, పరీక్షలో అందరికంటె వేగముగా నడిపి, పందెములో గేరుపెట్టె చెడుటచే ఆగిపోయెను. లాంచియా కంపెనీ అప్పటికే ధనము లేక కృశించియుండెను. ఆల్బర్టోయే లేనప్పుడు పందెములు నడుపుటకు వారికి మనస్సును రాలేదు. తమ పందెపు కార్లను, విడిభాగములను ఎంజో ఫెరారికి ఇచ్చివేయ నిశ్చయించిరి. టురిన్‌లోని లాంచియా ఆవరణలో ఆ కార్లను అప్పగించినది 1955 జూలై 26వ తేదీన. మోన్లెరీ కంచె వద్ద ఆంటోనియో పడి ఆనాటికి సరిగా 30 సంవత్సరములు. మరుసటి ఏడు ఫాంజియో ఆ కార్లతోనే ప్రపంచ విజేత అయ్యెను. వానితోపాటు వృద్ధుడగు విట్టోరియో యానో కూడ ఫెరారియొద్దకు పోయి పనిలో చేరెను.